జిల్లాలో ఒకే ఒక తాబేలు

పోయిన వారం కళ్లద్దాల పుల్ల విరిగితే బాగుచేయించుకుందామని మా ఊళ్లో కౌల్ బజార్‌కు వెళ్లాను. అద్దాల దుకాణం పక్కన చిలకలు, కుందేళ్లు, రంగు చేపలు అమ్మే అంగడి ఒకటి కొత్తగా తెరిచారు. లోపల ఒక మూల వెడల్పాటి గాజుతొట్టి. దాంట్లో టీ డికాక్షన్ రంగు నీళ్లు, అడుగున నల్లబడిన బాదం ఆకులు. తొట్టి కడగడం మరిచిపోయారనుకుంటారు చూసినవాళ్లు. నేను అలా అనుకోలేదు. ఆ ఆకుల్లో ఒకదానికి ముక్కుంది. సన్నటి గొట్టం లాంటి ఆ ముక్కు మెల్లగా లేచి, నీటిపైకి కొసమాత్రం వచ్చి, ఒక్క గుక్క గాలి పీల్చుకుని మళ్లీ దిగిపోయింది.

"ముట్టుకోవద్దు సార్" అన్నాడు అంగడాయన. "అమెజాన్ నదిది. ఇట్లాంటిది జిల్లాలో ఒకటే ఉండాది."

తాబేలుతో పాటు ఆ మాటను కూడా అల్లుడి దగ్గర కొనుక్కొచ్చినట్టున్నాడు. అల్లుడు అంటే, ఆ మాట అసలు సొంతదారుకు అల్లుడు. ఆ సొంతదారు మా వీధిలో, మా ఎదురు వరసలో చాలా ఏళ్లు ఉండి, పోయిన ఎండాకాలంలో చనిపోయాడు.

పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే నేనూ కూర్చున్నాను. ఉద్యోగంలో చేరిన నాటినుంచి రోజూ డైరీ రాసే అలవాటు నాకు. ఆయన మా వీధిలో ఉన్న కాలం నాటివన్నీ అటక మీదినుంచి దించి తిరగేశాను. ఆయన ప్రస్తావన చాలాచోట్ల ఉంది. మంచి మాట మాత్రం కనబడలేదు. ఒకచోట "ఈరోజు ఆయన ఊళ్లో లేడు" అని ఉంది. ఉన్నవాటిలో కాస్త సంతోషంగా రాసింది అదొక్కటే.

పేరు రాయను. రాస్తే దానికి ముందొకటి, వెనకొకటి తగిలించాలని ఆయన పట్టుబట్టేవాడు. ఆ చాకిరీ ఇప్పుడు నాకెందుకు?

వాళ్ల సొంతూరు మోక. అక్కడ మాగాణి ఉండేది. ఇనుప ఖనిజం మంచి ధర పలికిన రోజుల్లో ఆయన టిప్పర్లు యశ్వంతనగర్ గనుల నుంచి వ్యాగన్లు నింపే రైలు సైడింగ్ దాకా రేయింబవళ్లు తిరిగాయట. గనులు మూతపడ్డాక టిప్పర్లు అమ్ముకున్నాడు. మిగిలినవి కొన్ని లారీ బ్యాటరీలు, ఒక నిలబడే తీరు. ఎక్కడ నిలబడినా ఒక భుజం వాల్చి, ఒక కాలు మడిచి, లారీ బానెట్‌కు ఆనుకున్నట్టే నిలబడేవాడు. వెనక లారీ ఉండేది కాదు. చూసేవాళ్లకు ఎప్పుడు పడిపోతాడో అని భయం వేసేది. పడలేదు, పడి ఉంటే వీధికి కొంత మేలు జరిగేది.

మాట్లాడేటప్పుడు మన ముఖం చూసేవాడు కాదు. మన తలకు జానెడు పైన గోడ మీద ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నట్టు, ఆ పెద్దమనిషికి చెప్పేవాడు. మొదలుపెట్టడం ఎప్పుడూ ఒకటే: "మీకు తెలిసుండదు సార్." నేను రైల్వే గూడ్సు ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన వాణ్ణి. ఒకసారి నాకే "మీకు తెలిసుండదు సార్" అని మొదలుపెట్టి, వ్యాగన్ అంటే ఏమిటో, దాన్ని ఎలా నింపుతారో చెప్పాడు. తప్పులు చెప్పాడు.

ముగింపు కూడా ఒకటే: "జిల్లాలో ఒకటే ఉండాది." ఆయన స్కూటర్ జిల్లాలో ఒకటే. ఆయన కట్టించుకున్న పన్ను జిల్లాలో ఒకటే. మూత్రపిండంలో రాయి వచ్చి ఆపరేషన్ చేయించుకుని వస్తే పలకరించడానికి వెళ్లాను. "ఇంత సైజు రాయి జిల్లాలోనే లేదంట సార్. డాక్టరే ఫోటో తీసుకున్యాడు" అన్నాడు. నొప్పి గురించి అడిగితే, అది అందరికీ వచ్చేదే కదా అన్నట్టు చెయ్యి ఊపేశాడు.

ఇలాంటి మనిషికి ఎవరి దగ్గరా లేని ప్రాణి ఒకటి కావాలనిపించడంలో వింత లేదు. చెన్నైలో ఒక స్నేహితుడి ద్వారా సంపాదించాడు. తడి గోనెసంచి కప్పిన టబ్బులో, లారీ క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చింది అది. వరండాలో దానికోసం వెడల్పాటి, లోతు లేని సిమెంటు తొట్టి కట్టించి, ముందువైపు గాజు పెట్టించాడు. వీధంతా చూడబోయింది. చూసినవాళ్లకు ఏమీ కనబడలేదు.

"యాడుండాదప్పా?" అని అడిగింది ఈరమ్మ. వీధి చివర ఇంటి ముందర పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మే మనిషి. మొగుడు లేడు. పొయ్యి వెలిగితేనే ఇల్లు గడిచేది.

"నీ ముందరే ఉండాది, చూడు."

"నా ముందర ఆకులుండాయి."

"ఆ నడిమిది ఆకు కాదు, తలకాయ. అదే దాని గొప్ప. జిల్లాలో ఒకటే."

"కనబడనిదానికి ఇంత దుడ్డు పోసినావా? మా ఇంట్లో దేవుడు గూడా కనబడడు. ఆయప్పకు టెంకాయ తప్ప ఖర్చే లేదు."

వీధిలో ఒక ముసలమ్మ, కూర్మావతారం గదా అని తొట్టి అంచుకు పసుపు, కుంకుమ పెట్టింది. అప్పుడే ఆయన మోక కాలువలోనుంచి తెప్పించిన చిన్నచేపలు నాలుగు లోపలికి వదిలాడు. ఆకు కదల్లేదు. ఒక చేప దాని ముఖం ముందుకు వచ్చింది. ఆకు చీలినట్టు నోరు తెరుచుకుంది, గొంతు సంచిలా ఉబ్బింది, ముందున్న నీళ్లన్నీ గుటుక్కున లోపలికి పోయాయి, వాటితో చేపా పోయింది. తర్వాత నీళ్లను మాత్రం తీరిగ్గా బయటికి వదిలింది. ముసలమ్మ పైటకొంగుతో కుంకుమ తుడిచేసి ఇంటికి పోయింది.

వెదకదు, వెంటపడదు, పళ్లతో కొరకదు. ఉన్నచోటే ఉండి నోరు తెరుస్తుంది, చుట్టూ ఉన్న నీళ్లు దాని దగ్గరికే పోతాయి. ఒక ప్రాణి తన యజమానికి అంతలా సరిపోవడం నేను మళ్లీ చూడలేదు.

వీధిలో అందరూ దాన్ని ఆకుతాబేలు అనేవాళ్లు. ఆయనకు అది నచ్చేది కాదు. "అమెజాన్ది అనండి" అని సరిదిద్దేవాడు.

రోజూ పొద్దున ఈరమ్మ అంగడికి వచ్చేవాడు. ఆ అంగడిలో ఉన్న ఒకే ఒక కుర్చీ ఆయనది. ఎవరైనా కూర్చుని ఉంటే ఎదురుగా వచ్చి, కనబడని లారీకి ఆనుకుని నిలబడేవాడు. కూర్చున్నవాళ్లు ఆ నిలబడడం చూడలేక లేచేవాళ్లు. కూర్చునే ముందు చేతులు కడుక్కోవడం ఒక తంతు. చేపలు పట్టిన చేతులు కాబట్టి నీచు వాసన. ఈరమ్మ నీళ్ల డ్రమ్ము మూత తానే తీసి, చెంబు ముంచి, కుడిచేతి మీద ఒక చెంబు, ఎడమచేతి మీద ఒక చెంబు, మోచేతుల దాకా ఒక చెంబు, తర్వాత మళ్లీ కుడిచెయ్యి. లారీ కడిగినట్టు కడిగేవాడు. కింద మడుగు కట్టేది. ఈరమ్మ ఆ మడుగు వైపు చూసేది. గిరాకీ కదా, ఏమీ అనేది కాదు.

కడుక్కోవడం అయ్యాక ఉపన్యాసం. ఆ తాబేలు వెన్నెముక కంటే దాని మెడ పొడవట. సరిగ్గా ఈదలేదట, అందుకే నీళ్లు లోతు ఉండకూడదట. బోరు నీళ్లు పోస్తే చర్మం చెడిపోతుందట, తుంగభద్ర నల్లి నీళ్లే కావాలట. బాదం ఆకులు నానితే అమెజాన్ నీళ్లలాగే అవుతాయట. అందుకోసం వీధి ఊడ్చే ఆమెతో పోట్లాడి ఆకులన్నీ ఏరుకునేవాడు. నీళ్లు కదలకూడదట. ఇంకా ఏవేవో. రోజూ అవే. మేము ఉగ్గాని తింటూ తల ఊపేవాళ్లం. వినేవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదు, నాతో సహా.

ఇక్కడ మా నీళ్ల సంగతి చెప్పాలి. తుంగభద్ర నీళ్లు మా వీధికి వారానికొకసారి వస్తే గొప్ప. ఎండాకాలంలో వారం దాటి ఇంకా ఎదురుచూడాలి. వీధి మొదట్లో ఉన్న వాల్వును కార్పొరేషన్ మనిషి వచ్చి తిప్పుతాడు. అతణ్ణి మావైపు నీరుగంటి అంటారు. నీళ్లొచ్చే రోజు మాకు పండగ కంటే ఎక్కువ. ఆ రోజు ఎవరూ ఊరికి పోరు, పెళ్లిచూపులు పెట్టుకోరు. వీధి మొదట్లో ఎవరో "నీళ్లొచ్చినాయ్!" అని అరిస్తే, పూజలో ఉన్నవాళ్లు కూడా గంట పక్కన పెట్టి బిందె ఎత్తుతారు. మాది ఎత్తుకు ఎక్కే వీధి. చివరి ఇల్లు ఈరమ్మది. అందరికీ పట్టిన తర్వాత ఆమె నల్లికి ఎక్కాలి. ఉగ్గానికి బొరుగులు నానబెట్టేది ఈ నీళ్లతోనే. బోరు నీళ్లయితే ఉప్పగా ఉంటాయి, ఎవరూ తినరు. నల్లి నీళ్లు లేకపోతే ఆమె పొయ్యి లేదు.

కొన్నేళ్ల కిందట ఒక్కొక్కరే నల్లికి మోటార్లు బిగించుకున్నారు. ఈరమ్మ దాకా చుక్క రావడం మానేసింది. వీధిలో పెద్దవాళ్లమంతా కూర్చుని మాట్లాడుకుని, అందరి చేతా మోటార్లు తీయించాం. దొంగతనంగా బిగించేవాళ్లు ఉంటారు కాబట్టి, నీళ్లు వచ్చే వేళ మా వీధికి కరెంటు ఆపమని కరెంటు ఆఫీసులో అడిగాం. ఆ అర్జీ నేనే రాశాను. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ సమావేశంలో అందరి కంటే గట్టిగా మాట్లాడింది ఆయనే. "నీళ్లు అందరివీ. ఒకడు లాక్కుంటే అది దొంగతనం. నేను ముందే తీసేస్తాండా, చూడండి" అని గోడ మీది పెద్దమనిషికి చెప్పి, అందరి ముందర మోటారు విప్పించాడు.

అయినా ఈరమ్మ నల్లి పలకలేదు. ఉస్సుమని గాలి, తర్వాత చేతివేలంత సన్నటి ధార, ఒకటి రెండు బిందెలు నిండేసరికి మళ్లీ గాలి.

"అందరి మోటార్లూ తీసిరి, కరెంటు తీసిరి, నీళ్లు యాడికి పోతాండాయి సారూ?" అని నన్నడిగింది. "నేల తాగుతాండాదా?"

ఎక్కడో పైపు పగిలి ఉంటుందని నేను అనుకున్నాను. తర్వాతి నీళ్ల రోజున, కరెంటు పోయాక, వీధి పొడుగునా పైపు వెంబడి నడిచాను. ఎక్కడా తడి లేదు. ఆయన ఇంటి ముందర మాత్రం, గోడ వెనకనుంచి గుయ్యిమని ఒక మోత.

తలుపు తట్టాను. ఆయనే వచ్చాడు. ఆ మోత ఏమిటని అడిగాను.

"మీకు తెలిసుండదు సార్. అది తాబేలుకు. కరెంటు పోతే దానికి ఊపిరాడదు. లారీ బ్యాటరీలు కట్టి మిషను నడిపిస్తాండా. పాపం, నోరు లేని ప్రాణి గదా."

నేను ఆ సంగతి ఈరమ్మకు చెప్పాను. అంతకు ముందు వారంలో సగం రోజులు ఆమె పొయ్యి వెలగలేదు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోదామా అని ఆలోచిస్తున్నట్టు మా ఇంట్లో చెప్పింది కూడా.

"పోనీలే సారూ" అంది. "దాని ఊపిరి ఆపి నేను ఉగ్గాని చేసేదేంది? ప్రాణి గదా."

ఆమె అలా అంటుందని ఆయనకు తెలుసు. ఆమె అంగడిలో అన్నేళ్లు తిన్నాడు మరి.

పైపు పగిలిందేమోనని అంతకు ముందే మేమిచ్చిన ఫిర్యాదు మీద, కొన్నాళ్లకు కార్పొరేషన్ ఇంజనీరు ఒకాయన గడ్డపారలున్న ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు. నీళ్ల రోజే వచ్చాడు, నీళ్లు పారుతుంటే కదా పగులు తెలిసేది. పైపు ఎటు పోతుందో చూసుకుని, వీధి చివర ఈరమ్మ పొయ్యి దగ్గర ఆగాడు.

"ఈ కిందనే పోతాండాదమ్మా. ఈ కట్ట తవ్వాల. పొయ్యి తీసెయ్యి."

"తవ్వినాక మళ్ల కట్టిస్తారా సార్?"

"దానికి వేరే అర్జీ ఇయ్యాల."

ఈరమ్మ నా వైపు చూసింది. నేను ఇంజనీరుతో ఏదో చెప్పబోయాను. అతను చేతి గడియారం చూసుకున్నాడు. నీరుగంటి అప్పటికే వాల్వు తిప్పాడు, కరెంటు పోయింది. ఈరమ్మ వంగి పొయ్యి రాళ్లు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. వాళ్ల అత్త పెట్టిన పొయ్యి అది.

తగులుకోకుండా ఇంట్లో కూర్చుని ఉంటే ఆ రోజు ఆయనకు ఏమీ అయ్యేది కాదు. నేల తవ్వేవాళ్లు, పగులు దొరికేది కాదు, గుంత పూడ్చి వెళ్లిపోయేవాళ్లు, ఈరమ్మ కూలికి పోయేది. కానీ వీధిలోకి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయన ఇంట్లో ఉన్నది ఆ ఆఫీసరు చూడలేదు. ఆ బాధ ఆయన భరించలేకపోయాడు. కడిగిన పంచె కట్టుకుని వచ్చాడు.

"సార్, వాళ్లు తవ్వుతాండనీ. మీరు ఒక్క నిమిషం మా ఇంటికి రావాల. ఒక వస్తువు చూపిస్తా. జిల్లాలో ఒకటే ఉండాది."

ఇంజనీరు వెళ్లాడు. వెనక మేం నలుగురైదుగురం వెళ్లాం. ఇంజనీరు తొట్టి ముందర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆకులోనుంచి ముక్కు లేచింది. అతని ముఖం పసిపిల్లవాడి ముఖమైపోయింది.

"అబ్బా! ఏంది సార్ ఇది? మా ఇంట్లో గూడా చేపలు పెట్టుకున్యాము. కరెంటు పోతే పెద్ద తలనొప్పి, పంపు ఆగిపోతాది, చేపలు తేలిపోతాయి. దీనికి మీరేం చేస్తారు?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. గోడ మీది పెద్దమనిషి కూడా ఆ పూట కిందికి దిగి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు, మొదటిసారి ఒక మనిషి ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"మీకు తెలిసుండదు సార్. చేపలు వేరే, ఇది వేరే. దీనికి పంపు, గింపు ఏమీ పెట్టకూడదు. ముక్కు పైకెత్తి గాలి తీసుకుంటాది, అంతే. నీళ్లు కదిలినాయంటే భయపడి తిండి మానేస్తాది. అద్దం మాదిరి నిలబడుండాల నీళ్లు. తెలీనోళ్లు మిషన్లు పెట్టి చంపుకుంటారు. నేను ఈ ఇంట్లో ఒక్క రోజు గూడా దీనికి మిషను పెట్టలే!"

వరండా నిశ్శబ్దంగా అయిపోయింది. నిశ్శబ్దం కాబట్టి గుయ్యిమనే మోత బాగా వినబడింది.

"మళ్ల ఆ శబ్దమేంది?" అన్నాడు ఇంజనీరు.

"ఏ శబ్దం?"

"లోపల గుయ్యిమంటాండాదే."

"ఫ్రిజ్జు సార్."

"కరెంటు లేదు గదప్పా."

ఆయన భార్య మజ్జిగ గ్లాసుతో గడప దగ్గరికి వచ్చి, అందరి ముఖాలూ చూసి, అక్కడే నిలబడిపోయింది. గేటు దగ్గరనుంచి ఈరమ్మ గొంతు వినబడింది. ఎప్పుడు వచ్చిందో, పొయ్యి రాయి ఒకటి ఇంకా చేతుల్లోనే ఉంది, మసి ముంజేతుల దాకా.

"ఊపిరాడేదానికి మిషను అంటివి గదప్పా. ప్రాణి అంటివి. నేను గూడా పోనీలే అంటిని గదప్పా."

ఇంజనీరు కూలీని లోపలికి పంపాడు. స్నానాల గదిలో, నల్లి పైపుకు మోటారు, పక్కన వరసగా లారీ బ్యాటరీలు, ఇన్వర్టర్. అక్కడినుంచి గొట్టం నేరుగా ఇంటి కింది నీళ్ల గుంతలోకి. కూలీ ఒక్క లాగు లాగాడు, మోత ఆగింది. కాసేపటికి వీధి చివర టప్పుమని ఒక శబ్దం. ఈరమ్మ నల్లి కింద పెట్టి ఉంచిన ఖాళీ బిందెలో ధార పడిన శబ్దం అది. పొయ్యి రాయి చేత్తో పట్టుకునే పరుగెత్తింది ఆమె.

సిగ్గుపడతాడని మీరు అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. ఆయన ఒక భుజం వాల్చి, కాలు మడిచి, ఇంజనీరు తల పైన గోడ వైపు చూస్తూ అన్నాడు:

"లారీ బ్యాటరీ మీద నల్లి మోటారు నడిపినోడు జిల్లాలో నేనొక్కడే సార్."

మోటారు తీసుకుపోయారు, జరిమానా వేశారు. ఆయన ఆ జరిమానా గురించి కూడా అదే మాట చెప్పుకున్నాడని విన్నాను.

మరుసటి రోజు పొద్దున ఏమీ జరగనట్టు అంగడికి వచ్చాడు. ఈరమ్మ పొయ్యి మళ్లీ కట్టుకుంది, మట్టి ఇంకా పచ్చిగా ఉంది. ఆయన డ్రమ్ము మూత మీద చెయ్యి పెట్టాడు. ఈరమ్మ లేచి, చెంబు ఆయన చేతిలోనుంచి తీసుకుంది.

"నువ్వు కడుక్కోప్పా. నేను పోస్తా."

చేతులు చాచాడు. దారమంత సన్నటి ధార పోసింది. రెండు చేతులూ తడిశాయో లేదో, చెంబు వంచడం ఆపి అడిగింది:

"చాలా అప్పా?"

"ఇంకొంచెం పొయ్యమ్మా."

"చాల్లే" అని చెంబు డ్రమ్ము మీద బోర్లించింది.

ఆ రోజునుంచి అది ఆ అంగడి పద్ధతి. మిగతావాళ్లందరం మా చేతులు మేమే కడుక్కునేవాళ్లం. ఆయనకు మాత్రం ఈరమ్మ పోసేది. చాలా అప్పా? ఇంకొంచెం. చాల్లే. ఒక్క రోజు కూడా తప్పలేదు. తిట్టలేదు, ఉగ్గాని తక్కువ పెట్టలేదు. ఆయన కూడా రావడం మానలేదు. నీచు వాసన చేతులతోనే తిని, వచ్చినవాళ్లకు తాబేలు సంగతి చెప్పేవాడు. ఇప్పుడు మేం వినేవాళ్లం, ప్రతి మాటా. వినకపోతే ఏమవుతుందో తెలిసింది కదా.

ఆయన పోయింది ఎండలు ముదిరిన రోజుల్లో. తొట్టి ముందర కుర్చీలో కూర్చునే పోయాడు. ఏమీ చేయకుండా గంటల తరబడి కూర్చోవడం అలవాటున్న మనిషి కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియడానికి చాలా పొద్దు పట్టింది. కబురు తెలిసి వీధంతా చేరాం. మోక నుంచి బంధువులు వచ్చారు, అల్లుడు వచ్చాడు. శవాన్ని వాకిట్లో పీట మీద కూర్చోబెట్టారు. స్నానం చేయించాలి.

నీళ్లు లేవు.

వీధి బోరు ఎండిపోయి అప్పటికి చాలా రోజులైంది. నల్లి నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో నీరుగంటికే తెలియదు. ఇంటి కింది గుంత అడుగున బురద తప్ప ఏమీ లేదు. ఇంట్లో పట్టి ఉంచిన నీళ్లన్నీ ముందు రోజే తాబేలు తొట్టికి మార్చాడట. వరండాలో ఆ తొట్టి అంచుదాకా నిండి, డికాక్షన్ రంగులో నిగనిగలాడుతోంది. అడుగున ఆకు ఒకటి కదలకుండా ఉంది.

అల్లుడు తొట్టి వైపు చూశాడు. "దాంట్లో నీళ్లుండాయి గదా అత్తా, రెండు బకెట్లు..."

"ముట్టొద్దప్పా!" అని ఆయన భార్య ఉలిక్కిపడి అరిచింది. "ఆ నీళ్లు ముట్టుకుంటే తిడతాడు."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తొట్టి వైపు పోలేదు కూడా. పీట మీద కూర్చుని, కట్టిన గుడ్డతో దవడ బిగించుకుని, ఆయన మా తలలకు జానెడు పైన గోడ వైపు చూస్తున్నట్టే ఉన్నాడు.

అప్పుడు ఈరమ్మ ఇంటికి పోయి బిందె చంకనెత్తుకుని వచ్చింది. మరుసటి రోజు బొరుగులకు ఉంచుకున్న నీళ్లు. ఆమె తెచ్చాక ఇంకెవరికి తప్పుతుంది? ఒక్కో ఇంటినుంచీ ఒక్కో బిందె వచ్చింది. నాది కూడా ఒకటి పోయింది. బతికినన్నాళ్లూ తీసుకున్నది చాలక, చచ్చిన రోజు కూడా మా వీధి నీళ్లు తీసుకునే పోయాడు ఆ మనిషి. ఆ మాట ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను, ఇప్పుడు కూడా దాన్ని దిద్దను.

దగ్గరివాళ్లు పోసిన తర్వాత, వీధివాళ్లు ఒక్కొక్కరే పోశారు. ఈరమ్మ వంతు వచ్చింది. ఆమె ముందు చేతుల మీద పోసింది. కుడిచేతి మీద, ఎడమచేతి మీద. అలవాటైన చేతులు కాబట్టి ధార సన్నగానే పడింది. రెండూ తడిశాక బిందె వంచడం ఆపింది.

"చాలా అప్పా?" అంది.

అనేశాక తానే ఉలిక్కిపడింది. అయినా ఒక్క క్షణం అలాగే ఆగింది, జవాబు కోసం. తర్వాత బిందె మొత్తం ఆయన తల మీద కుమ్మరించింది.

మరుసటి రోజు పొద్దున ఆమె పొయ్యి వెలగలేదు.